పిడికెడు బియ్యం

మా పాలెంలో గుడి గంట ఇత్తడిది కాదు. వేపచెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడితే ఆ మోత చెరువు కట్ట దాటి ఊళ్లోకి వినిపించేది. ఆదివారం పొద్దున మొదటి గంటకు పిల్లలం సండేస్కూలుకి చేరాలి. రెండో గంటకు పెద్దవాళ్లు రావాలి. మూడో గంటకు అయ్యగారు ఆరాధన మొదలుపెడతారు. గడియారం ఉన్నది అయ్యగారి ఇంట్లోనే కాబట్టి, ఆ ఒక్క రోజూ పాలెం మొత్తం ఆ మోతను బట్టే నడిచేది.

ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మకు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది మా మాదిగ పాలెం. చెరువు కింద కాస్త వరి, మెట్టన పొగాకు, జొన్న, కంది. నేను చెబుతున్నది 1970ల మాట. మగవాళ్లు పొగాకు బేరన్ల దగ్గరికి, ఆడవాళ్లు నాట్లకూ కోతలకూ కూలికి వెళ్లేవాళ్లు. మా నాయనమ్మ కూడా వెళ్లేది. ఆమెకు చదువు రాదు. బైబిలు మాత్రం ఎక్కడ ఏముందో తెలుసు. ‘లేవీయకాండంలో, కూలి సంగతి ఉన్న చోట తియ్యి’ అనేది నాతో. నేను వెతుక్కుని చదివేదాన్ని. నాకు వాక్యం చదవడం వచ్చింది సండేస్కూల్లో. దాన్ని ఏం చేసుకోవాలో తెలిసింది ఆమె వెనకాల తిరిగి.

పొయ్యి మీద ఎసరు కాగుతుండగా నాయనమ్మ చాటలోకి బియ్యం కొలుచుకునేది. కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి, గోడ వార ఉన్న చిన్న కుండలో వేసి మూకుడు మూసేది. ఆ తర్వాతే మిగతా బియ్యం కడిగేది. పూటపూటకీ ఇదే వరస. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. పాలెంలో ప్రతి ఇంటి నుంచీ అలాగే వచ్చేవి. సంఘపెద్దలు మానికతో కొలిచి పుస్తకంలో రాసుకునేవాళ్లు. ఆ బియ్యాన్ని అమ్మిన డబ్బుతో సంఘం నడిచేది.

ఈ పద్ధతి మా ఒక్క పాలెందే కాదు. 1912లో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన మొదటి భారతీయుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్‌లో ఉండి, ఎంత పేద సంఘమైనా తన కాళ్ల మీద తాను నిలబడాలని పట్టుబట్టారు. ఆయన కింద ఉన్న పల్లె సంఘాల్లోనూ ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. మావాళ్లు బాప్టిస్టులు, వాళ్లు ఆంగ్లికన్లు. బాప్తిస్మం దగ్గర రెండు సంఘాలకూ ఎంతో తేడా ఉంది. పిడికిలి దగ్గర మాత్రం లేదు.

వానలు వెనకాడిన ఏడు ఇంట్లో బియ్యం ఉండేవి కావు. జొన్న సంకటే. అప్పుడు పిడికెడు జొన్నలు వేసేది. పేరు మాత్రం పిడికెడు బియ్యమే. ఒక రోజు చాటలో అడుగు కనబడుతున్నా ఆమె చెయ్యి కుండ వైపు వెళ్లింది. ‘మనకే చాలవు కదా నాయనమ్మా’ అన్నాను. ‘చాలవు కాబట్టే ముందు తియ్యాలి. తిన్నాక తీద్దామంటే ఏం మిగులుద్ది?’ అంది. ఆ రాత్రి సారెపతు విధవరాలి కథ చదివించుకుంది. కరువులో పట్టెడు పిండి, కొంచెం నూనె మాత్రం మిగిలిన తల్లి ఆమె. ఆ పిండితో తనకూ కొడుక్కూ ఆఖరి రొట్టె చేసుకుని చచ్చిపోదామనుకుంటున్న మనిషిని ఏలీయా ప్రవక్త ముందు నాకో చిన్న రొట్టె చేసి పెట్టమని అడుగుతాడు. చదువుతుంటే నాకు ఏలీయా మీద కోపం వచ్చింది. నాయనమ్మకు రాలేదు. ఆ విధవరాలిని అంతగా లెక్కలోకి తీసుకున్నవాడు ఆ ఊళ్లో ఇంకెవరున్నారని అడిగింది. పేదదాని దగ్గర ఇవ్వడానికి ఏముంటుందిలే అనుకునే జాలి కంటే, నువ్వూ ఇవ్వగలవని అడగడంలో ఎక్కువ మర్యాద ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బడిలో ఒక పిల్ల నాతో ‘మీరు గంజి కోసం మతంలో కలిశారంటగా’ అంది. దానికి తెలిసి అన్నది కాదు, వాళ్లింట్లో విన్నదే అప్పజెప్పింది. నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. నాయనమ్మ వాళ్ల నాయనమ్మ ధాత కరువు చూసిన మనిషి. 1876 నుంచి 78 దాకా ఈ నేల మీద నడిచిన కరువు అది. ఆకలికి పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. మా వాళ్లు ఆ మట్టి మోసినవాళ్లే. నాయనమ్మ నాకు ముఖ్యంగా చెప్పింది దాని తర్వాతి సంగతి. కాలువ పని సాగినన్నాళ్లూ, గంజి దొరికినన్నాళ్లూ, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగిన వాళ్లను ఆగమన్నాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆపాడు. కరువు సాయం ఆగిపోయాక, ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులు. ఇద్దరు అలిసిపోతే మరో ఇద్దరు దిగారు.

ఇదంతా చెప్పి నాయనమ్మ ఊరుకోలేదు. సంఘపెద్ద ఇంటికి తీసుకెళ్లి పిడికెడు బియ్యం పుస్తకం అడిగింది. ఆయన కాస్త ఆశ్చర్యపోయి, చేతులు తుడుచుకుని, దూలం మీది పెట్టెలోంచి తీసిచ్చాడు. అరుగు మీద కూర్చుని గట్టిగా చదవమంది. గుడి దీపానికి కిరసనాయిలు. పైకప్పుకు పెంకులు. అయ్యగారి జీతంలో కొంత. కొడుకులు లేని ఒక ముసలాయన సమాధికి ఖర్చు. పదో తరగతి పరీక్షకు ఒంగోలు వెళ్లే పిల్లవాడికి చార్జీలు. కానుపు కష్టమైన ఒక తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లిన బండి కిరాయి. ఆ తల్లిది మా పాలెం కాదు, మా మతమూ కాదు. కొన్నాళ్ల తర్వాత అదే పుస్తకంలో ఇంకో పద్దు చేరింది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేల మంది కొట్టుకుపోయారు. ఆ నెల కుండల్లోని బియ్యం అమ్మకుండా అట్లాగే బస్తాల్లో కట్టి పంపించారు. ఆ ఆదివారాలు కుండలు మామూలు కంటే నిండుగా రావడం నాకు గుర్తుంది. ఏ ఇంట్లో ఏ పూట కడుపు ఎండగట్టి నింపారో ఎవరూ అడగలేదు.

మా పెద్దల కాలంలో సంఘంలో చేరేవాళ్లకు క్లౌ దొర పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజు చదివేవాళ్లకు ఇవి మామూలు నియమాల్లా కనిపిస్తాయి. మా వాళ్లకు ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. ఊళ్లో చచ్చిన గొడ్డును మోసుకుపోయి ఆ మాంసంతో పొట్ట నింపుకోవడం తరాలుగా వాళ్ల మీద మోపిన బతుకు. దాన్ని మానడమంటే కరువు రోజుల్లో కడుపు కట్టుకోవడమే. ఆదివారం రానని చెప్పడం అంతకంటే కష్టం. వెట్టికి పిలిస్తే ఏ రోజైనా పోవలసిన మనిషి, వారానికి ఒక రోజు నాది, నా దేవుడిది అని ఆసామి ముందు నిలబడి చెప్పాలి. దానికి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. పని పోగొట్టుకున్నవాళ్లున్నారు. విశ్రాంతి దినం గురించి నేను తర్వాత చాలా ప్రసంగాలు విన్నాను. ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలకు దేవుడు సెలవు ఇచ్చాడన్న సంగతి మా పాలేనికి తెలిసినంత దగ్గరగా ఇంకెవరికైనా తెలుసా అని అనుమానం.

తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యగారి పేరు మా ఇళ్లలో తరచూ వినిపించేది. తోలు పని చేసుకుంటూ, క్రీస్తును తెలుసుకోక ముందే యోగుల బోధలు విని ధ్యానం నేర్చిన మాదిగ పెద్ద ఆయన. 1866లో బాప్తిస్మం తీసుకుని, చుట్టుపక్కల పల్లెల్లో తన వాళ్ల మధ్య తిరిగి సువార్త చెప్పాడు. మిషనరీల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. పల్లె పల్లెకూ నడిచిన కాళ్లు ఎక్కువగా ఇలాంటివాళ్లవి. మా సండేస్కూల్లో పౌలు ప్రయాణాల పటం గోడకు ఉండేది. పేరయ్యగారి ప్రయాణాలకు కూడా ఒక పటం వేసి ఉంటే ఎంత బాగుండేదో.

క్రిస్మస్‌కి కాగితపు నక్షత్రం, కంజర కొట్టుకుంటూ అర్ధరాత్రి ఇల్లిల్లూ తిరిగే పాటలు, మట్టల ఆదివారం ఈతమట్టలు, రాగమూ తాళమూ పాట పైనే అచ్చేసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, ఇవన్నీ ఏ తెలుగు క్రైస్తవ ఇంట పుట్టినవాళ్లకైనా తెలిసినవే. నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది ఒక చూరు గురించి.

మా ఇల్లూ చిన్న నాయనమ్మ వాళ్ల ఇల్లూ పక్కపక్కనే. రెండూ తాటాకు ఇళ్లు. ఒక ఏడు మా నాయన కొత్త కప్పు వేయించాడు. చూరు కాస్త ముందుకు వచ్చింది. వాన పడితే మా చూరు నీళ్లు వాళ్ల వాకిట్లో పడి గుంట కట్టేవి. మాట మాట పెరిగింది. తోటికోడళ్లిద్దరికీ మాటలు ఆగిపోయాయి. చేదబావి దగ్గర ఒకరుంటే ఒకరు బిందె తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. పిల్లలం మాత్రం గోడ మీద నుంచి జామకాయలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె పంచుకునే ఆరాధన. ముందు రోజు సాయంత్రం సిద్ధపాటు కూడిక ఉండేది. ఎవరి మనసులో ఎవరి మీద ఏమున్నా తేల్చుకుని రమ్మని అయ్యగారు చెప్పేవారు. ఆ నెల బల్ల దగ్గర రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. నాయనమ్మ చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. పళ్లెం ఆమెను దాటి పక్కవాళ్లకు వెళ్లింది. అవతలి వరసలో చిన్న నాయనమ్మ కూడా తీసుకోలేదు. సంఘమంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడమని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన మాట అందరికీ తెలుసు. దానికి లోబడి ఆకలితో కూర్చున్నట్టు కూర్చున్నారు ఇద్దరూ. కోపం తగ్గకపోయినా తగ్గినట్టు నటించి రొట్టె తీసుకోవడం వాళ్లకు చేతకాలేదు. నాకు ఆ నటించలేకపోవడం మీద గొప్ప గౌరవం.

మరుసటి నెల శనివారం చీకటి పడే వేళ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వాళ్ల వాకిట్లోకి నడిచింది. ‘చెల్లే, చూరు కోయిస్తాను. రేపు బల్ల ఉంది’ అంది. అంతే. క్షమించమనీ లేదు, నాదే తప్పనీ లేదు. చిన్న నాయనమ్మ చాట కింద పెట్టి, ‘నీళ్లు పడితే పడనియ్ అక్కా, ముందు కూర్చో’ అంది. నాయనమ్మ కూర్చోలేదు. మా నాయనను పిలిచి, లాంతరు నన్ను పట్టుకోమని, ఆ పూటే కొత్త తాటాకు జానెడు మేర కోయించింది. ‘రేపు చేస్తాలేమ్మా, పొద్దుగూకింది’ అని నాయన అన్నా వినలేదు. కోసిన తాటాకు ముక్కలు రాలుతుంటే ఇద్దరూ కలిసి ఏరి పొయ్యిలోకి దాచారు. మర్నాడు పళ్లెం వచ్చినప్పుడు ఇద్దరూ తీసుకున్నారు.

సమాధానపడటం అంటే ఏమిటో నేను చూసింది అక్కడ. దానికి కొలత ఉంది, అది జానెడు. ఇప్పుడు మా గుడికి శ్లాబు పడింది, మైకులు వచ్చాయి. వాక్యం చెప్పేవాళ్లు టీవీలో కూడా కనిపిస్తున్నారు. దేవుడు నీకు ఏమేం ఇవ్వబోతున్నాడో చెప్పే ప్రసంగాలు ఎక్కువగా వింటున్నాను. నీ చూరు నీళ్లు ఎవరి వాకిట్లో పడుతున్నాయని అడిగే ప్రసంగం వినక చాలా కాలమైంది. అది ఎవరైనా అడగాలని నా మనసు కొట్టుకుంటుంది. బల్ల దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునే హక్కు కూడా సంఘంలో ఉండాలి. పళ్లెం వచ్చిన ప్రతిసారీ అందరం తీసేసుకుంటున్నాం.

లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం నాయనమ్మ ఎన్నిసార్లు చదివించుకుందో చెప్పలేను. దాని నిండా పొలమూ, కూలీ, కొలతా, తూకమే. పొలం అంచుల దాకా పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకుండా బీదలకూ పరదేశులకూ వదిలెయ్యాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. మా నాయన కొన్నాళ్లకు నాలుగు ఎకరాలు కౌలుకు చేశాడు. కూలి పెట్టే చోటికి మేమూ వచ్చాం. కోత మొదటి రోజు సాయంత్రం కూలోళ్లు వాకిట్లో నిలబడితే, చిల్లర లేదు, రేపు రెండు రోజులదీ కలిపి ఇస్తానన్నాడు నాయన. అది ఊళ్లో ఆసాములందరూ అనే మాటే. నాయనమ్మ లోపలికెళ్లి గాదె మూత తీసి ఒక్కొక్కరికీ మానికలతో గింజలు కొలిచింది. ‘వీళ్లు ఇంటికి పోయి ఎసరు ఏం చూసి పెట్టాలిరా?’ అని నాయనను ఒక్క మాట అడిగింది. ఆ తర్వాత ఏ సాయంత్రమూ మా వాకిట్లో కూలి బాకీ పడలేదు. నాయన ముందు రోజే ఒంగోలు వెళ్లి చిల్లర తెచ్చి పెట్టుకునేవాడు.

కోతల కాలంలో రాత్రిళ్లు రూతు గ్రంథం చదవాల్సిందే. పరాయి దేశమైన మోయాబు నుంచి అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చిన రూతు బోయజు పొలంలో కోసేవాళ్ల వెనకాల పరిగె ఏరుకుంటుంది. ఆమె కోసం పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడెయ్యమని బోయజు పనివాళ్లకు చెబుతాడు. ప్రసంగాల్లో అందరూ బోయజును మెచ్చుకుంటారు. అక్కడికి వచ్చేసరికి నాయనమ్మ చదవడం ఆపించేది. ‘బోయజు చెప్పాడు సరే. వంగి పడేసిందెవరు? కూలోళ్లే కదా’ అనేది. ఎండలో నడుము విరిగేలా కోస్తూ, ఎవరో తెలియని మనిషి కోసం చేతిలోని పనలోంచి లాగి వదిలిన ఆ పేరు లేని ఆడవాళ్లు, మగవాళ్లు ఆమెకు బోయజు కంటే దగ్గరివాళ్లు. నాకు ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ దొరకని అర్థం అది. కోత కోసిన చేతికే దొరుకుతుంది.

ఒక ఏడు చెరువు కింద ఊరి ఆసామి పొలంలో కోత. ఆడవాళ్లంతా వరసగా ఉన్నారు. వెనకాల ఒక యానాది ముసలామె గోనెసంచి భుజాన వేసుకుని పరిగె ఏరుకుంటోంది. రాలినవి పెద్దగా లేవు. నాయనమ్మకు వదలాలని ఉంది, పైరు మాత్రం తనది కాదు. దొంగచాటుగా వదిలే మనిషీ కాదు. కొడవలి చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడ్డ ఆసామి దగ్గరికి వెళ్లి, ‘అయ్యా, ఆ ముసలిదాని కోసం గట్టెమ్మట నాలుగు వెన్నులు వదులుతాం. కూలికి కొలిచే గింజల్లో కావాలంటే అంత మేర తగ్గించుకోండి’ అంది. ఆయన ముసలామె వైపూ నాయనమ్మ వైపూ చూసి, ‘నీకేమవుద్ది ఆమె?’ అన్నాడు. ఏమీ కాదంది. ఆయన కాసేపు ఊరుకుని, వదలండి, కూలి తగ్గించనులే అన్నాడు. అన్నం మూట విప్పుకునే వేళ మా వాళ్లలోనే ఒకామె నాయనమ్మతో, ‘అయినా అక్కా, ఆమె మన గుడికి రాదుగా’ అంది. ‘రూతు ఏ గుడి నుంచి వచ్చింది? మోయాబుది కాదూ’ అంటూ నాయనమ్మ చెయ్యి కడుక్కుని, కొడవలి అందుకుని, అందరికంటే ముందు వెళ్లి మునుం పట్టింది.